ఆర్కన్సాలో పీబీఎంల (ఇన్సూరెన్సు తరఫున మందుల బిల్లులు చూసే మధ్యవర్తి కంపెనీల) మీద అంత గట్టి చట్టాలుంటే, మీ ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని అవి ఎందుకు ఆపలేకపోయాయి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. బెంటన్‌విల్‌లో ఉంటున్నారు, పెద్ద కంపెనీలో ఉద్యోగం, ఇన్సూరెన్సు కూడా కంపెనీదే. మీ ఆవిడకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇన్నాళ్లూ ఊళ్లో ఉన్న చిన్న ఫార్మసీలో తెచ్చుకుంటున్న అడాలిముమాబ్ ఇంజెక్షన్‌ను ఇకమీదట పీబీఎం సొంత మెయిల్ ఆర్డర్ ఫార్మసీ నుంచే తెప్పించుకోవాలని ఉత్తరం వచ్చింది. పీబీఎంల మీద దేశంలోకెల్లా గట్టి చట్టాలు ఆర్కన్సావేనని చదివారు, మరి అవి మీకెందుకు అక్కరకు రాలేదన్నది మొదటి ప్రశ్న. కొన్ని మామూలు మాత్రలు ఇన్సూరెన్సు కార్డు చూపిస్తే ఎక్కువకు, నగదు ఇస్తే తక్కువకు ఎలా వస్తున్నాయన్నది రెండోది.

నేను ఒహాయోలో చాలా ఏళ్లుగా ఇండిపెండెంట్ ఫార్మసీలో ఫార్మసిస్టుని. లాయర్ని కాదు. కానీ ఈ చట్టాల వల్ల కౌంటర్ దగ్గర ఏం మారిందో, ఏం మారలేదో రోజూ చూస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు మీ ప్లాన్‌లో డబ్బు ఎవరిదన్న దాంట్లో ఉంది. పెద్ద కంపెనీల ప్లాన్లు ఎక్కువగా సెల్ఫ్ ఫండెడ్. అంటే కార్డు మీద ఇన్సూరెన్సు కంపెనీ పేరున్నా, మీ వైద్యం బిల్లులు కట్టేది మీ కంపెనీయే. ఇన్సూరెన్సు కంపెనీ కాగితం పని మాత్రం చూసిపెడుతుంది. అలాంటి ప్లాన్‌ను రాష్ట్ర ప్రభుత్వం నేరుగా శాసించే వీలు లేదు. 1974లో వచ్చిన ఎరిసా అనే కేంద్ర చట్టం అడ్డుపడుతుంది. ఆరోగ్య విధానాలను పరిశోధించే కేఎఫ్‌ఎఫ్ సంస్థ 2024 సర్వే ప్రకారం ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్సు ఉన్నవాళ్లలో 63 శాతం మంది ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు.

పీబీఎం చేసే పని తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. మీరు కౌంటర్ దగ్గర కార్డు ఇవ్వగానే క్లెయిము పీబీఎం కంప్యూటర్‌కు వెళ్తుంది. మీరు ఎంత కట్టాలి, ఫార్మసీకి ఎంత ఇవ్వాలి, మీ కంపెనీ దగ్గర ఎంత వసూలు చేయాలి అన్న మూడు అంకెలూ అక్కడే తేలతాయి. మూడింటినీ కలిపి చూడగలిగేది పీబీఎం ఒక్కటే. మాకు రెండు కనిపిస్తాయి, మీకు ఒకటి, మీ కంపెనీకి ఒకటి. దీనికి తోడు మందుల కంపెనీల నుంచి రిబేట్లు తీసుకునేది కూడా వాళ్లే, ప్లాన్ కవర్ చేసే మందుల జాబితాలో ఏది ఉండాలో నిర్ణయించేదీ వాళ్లే. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్ అనే మూడు పీబీఎంల చేతుల మీదుగా దేశంలో దాదాపు 80 శాతం ప్రిస్క్రిప్షన్ క్లెయిములు నడుస్తున్నాయి. మూడింటికీ ఒక పెద్ద ఇన్సూరెన్సు కంపెనీతో బంధుత్వం ఉంది: ఏట్నా, సిగ్నా, యునైటెడ్ హెల్త్. మూడింటికీ సొంత మెయిల్ ఆర్డర్ ఫార్మసీలు, ఖరీదైన మందులు అమ్మే స్పెషాలిటీ ఫార్మసీలు ఉన్నాయి. మీ ఆవిడ మందు ఊరి ఫార్మసీ నుంచి అటు మళ్లడానికి కారణం ఇక్కడుంది. ఖరీదైన మందుల మీద లాభం తమ ఇంట్లోనే ఉండాలన్నది వాళ్ల లెక్క.

ఆ లాభం ఏ స్థాయిలో ఉంటుందో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ లెక్కగట్టింది. 2024 జులైలో ఇచ్చిన మొదటి నివేదికలో రెండు క్యాన్సర్ జెనరిక్ మందులను తీసుకుంది. ఒకటి ల్యుకేమియాకు వాడే ఇమాటినిబ్, రెండోది ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే అబిరాటెరోన్. ఫార్మసీలు సగటున మందు కొనే ధరను నాడాక్ అంటారు, దాన్ని ప్రభుత్వమే సర్వే చేసి ప్రకటిస్తుంది. ఈ రెండు మందుల మీదే మూడేళ్లు కూడా నిండకుండా, పీబీఎంల సొంత ఫార్మసీలకు నాడాక్ కంటే దాదాపు 160 కోట్ల డాలర్లు ఎక్కువ ముట్టిందని తేలింది. 2025 జనవరిలో ఇంకా చాలా స్పెషాలిటీ జెనరిక్ మందులను కలిపి చూస్తే ఆ మొత్తం 730 కోట్ల డాలర్లయింది. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లకు ఈ అంకెలు మరీ బాధగా తగులుతాయి. ఇమాటినిబ్‌ను నాట్కో మన దగ్గర ఎన్నో ఏళ్లుగా తక్కువ ధరకు అమ్ముతోంది. అమెరికాకు జెనరిక్ మందులు పంపే పెద్ద కంపెనీల్లో డాక్టర్ రెడ్డీస్, అరబిందో ముందుంటాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర చవకగా ఉన్న మాత్ర రోగి చేతికొచ్చేలోపు ఎలా పెరుగుతుందో మనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు?

ఇక రాష్ట్రాల సంగతి. నేను దగ్గరుండి చూసింది ఒహాయో కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను.

2017 చివరి నెలల్లో ఒహాయో చిన్న ఫార్మసీలకు మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు) క్లెయిముల మీద వచ్చే డబ్బు ఒక్కసారిగా పడిపోయింది. హోల్‌సేలర్‌కు కట్టిన ధర కూడా తిరిగి రాని క్లెయిములు ప్రతిరోజూ కనిపించేవి. అప్పీలు పెడితే 'ధర సరైనదే' అన్న ఒక్క వాక్యం జవాబుగా వచ్చేది. మాకు ఇచ్చేది తగ్గినప్పుడు రాష్ట్రానికి ఖర్చు తగ్గాలి కదా, అదీ జరగలేదు. కొలంబస్ డిస్పాచ్ పత్రిక దీని వెంటపడి వరసగా కథనాలు రాసింది. 2018 ఆగస్టులో రాష్ట్ర ఆడిటర్ డేవ్ యోస్ట్ లెక్కలు బయటపెట్టారు. ఒక్క ఏడాదిలో, రాష్ట్రం తరఫున మెడికెయిడ్ నడిపే ప్రైవేటు ప్లాన్ల దగ్గర పీబీఎంలు తీసుకున్నదానికీ ఫార్మసీలకు ఇచ్చినదానికీ తేడా 22.48 కోట్ల డాలర్లు. జెనరిక్ మందుల్లో అయితే ప్రతి వంద డాలర్లలో 31 డాలర్లకు పైగా మధ్యలో ఆగిపోయింది. దీన్నే స్ప్రెడ్ ప్రైసింగ్ అంటారు. అది పేదవాళ్ల వైద్యానికి ప్రజలు కట్టిన పన్ను డబ్బు. ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నా నాకు కోపం తగ్గలేదు.

ఆ తర్వాత ఒహాయో చేసిన పని నాకు నచ్చుతుంది. స్ప్రెడ్ ఒప్పందాలు మానుకోవాలని మెడికెయిడ్ ప్లాన్లకు చెప్పింది. తర్వాత ఇంకో అడుగు వేసి, 2022 అక్టోబరు నుంచి మెడికెయిడ్ అంతటికీ ఒకే పీబీఎంను తనే నియమించుకుంది. కెంటకీ అదే పనిని 2021 జులైలో చేసింది. వెస్ట్ వర్జీనియా అందరికంటే ముందు, 2017లోనే, మందుల ఖర్చును ప్లాన్ల చేతుల్లోంచి పూర్తిగా తీసేసుకుంది. మందు కొనే సగటు ధర, ప్రతి ప్రిస్క్రిప్షన్‌కు 10.49 డాలర్ల ఫీజు, ఇంతే ఇస్తానంది. మొదటి ఏడాదిలో రాష్ట్రానికి 5.44 కోట్ల డాలర్లు మిగిలాయని తర్వాతి అధ్యయనంలో తేలింది. ఫార్మసీలకు ఇచ్చేది పెరిగింది, రాష్ట్రం ఖర్చు తగ్గింది. మధ్యలో ఎంత పోతోందో చెప్పడానికి దీనికంటే రుజువు అక్కర్లేదు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను: రాష్ట్రాలు బాగా గెలిచింది అవే డబ్బు కట్టేచోట. మెడికెయిడ్‌లో రాష్ట్రమే కొనుగోలుదారు, కాబట్టి షరతులు పెట్టగలదు. మీలాంటి ప్లాన్‌లో కొనుగోలుదారు మీ కంపెనీ. అక్కడ రాష్ట్రం బయటి మనిషి.

ఎరిసా ఎలా అడ్డమొచ్చిందో చూడండి. 1963లో ఇండియానాలోని సౌత్ బెండ్‌లో స్టూడీబేకర్ కార్ల ఫ్యాక్టరీ మూతపడితే వేలమంది కార్మికుల పెన్షన్లు గాలిలో కలిశాయి. అలాంటివి మళ్లీ జరగకూడదని తెచ్చిన చట్టం ఇది. కంపెనీలకు యాభై రాష్ట్రాల్లో యాభై రూల్సు తలనొప్పి కాకూడదని, ఉద్యోగుల ప్లాన్లకు సంబంధించిన రాష్ట్ర చట్టాలు చెల్లవని అందులో రాశారు. ఇన్సూరెన్సును నియంత్రించే చట్టాలకు మినహాయింపు ఇచ్చారు గానీ, సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్‌ను ఇన్సూరెన్సుగా లెక్కపెట్టకూడదన్నారు. కార్మికుడి రక్షణకు పుట్టిన చట్టాన్ని పీబీఎంల సంఘం పీసీఎంఏ ఇప్పుడు రాష్ట్రాల మీద వేసే దావాల్లో వాడుతోంది.

ఆ దావాల్లో రాష్ట్రాలకు దక్కిన పెద్ద విజయం మీ ఆర్కన్సాదే. 2015లో తెచ్చిన 900వ నంబరు చట్టం ఫార్మసీకి మందు కొన్న ధర కంటే తక్కువ ఇవ్వకూడదంది. హోల్‌సేల్ ధర పెరిగితే పీబీఎం తన ధరల జాబితాను వెంటనే సరిచేయాలంది, అప్పీలుకు పద్ధతి పెట్టింది. నష్టం వస్తుంటే మందు అమ్మననే హక్కు కూడా ఫార్మసీకి ఇచ్చింది. ఈ చివరిది మాత్రం నాకు మింగుడుపడదు. గొడవ మాకూ పీబీఎంకూ అయితే, మందు లేకుండా వెనక్కి వెళ్లేది రోగి. చట్టం మొత్తం మీద మాత్రం 2020 డిసెంబరు 10న సుప్రీంకోర్టు 8-0తో ఆర్కన్సా పక్షాన తీర్పిచ్చింది. రట్లెడ్జ్ కేసు అంటారు, తీర్పు రాసింది జస్టిస్ సోటోమయోర్. సారాంశం ఏమిటంటే, రాష్ట్ర చట్టం వల్ల ప్లాన్‌కు ఖర్చు పెరిగినంత మాత్రాన ఎరిసా అడ్డురాదు. ప్లాన్ ఎలా ఉండాలో, ఏం కవర్ చేయాలో రాష్ట్రం శాసిస్తేనే అడ్డొస్తుంది.

కాబట్టి మీ ప్లాన్ సెల్ఫ్ ఫండెడ్ అయినా, ఊరి ఫార్మసీకి ఇచ్చే ధర విషయంలో ఆర్కన్సా చట్టం పనిచేస్తుంది. ఆ మందును ఊరి ఫార్మసీలోనే తీసుకునే హక్కు మీకు ఉందా అన్నది వేరే ప్రశ్న, అది ఫార్మసీల నెట్‌వర్క్‌కు, అంటే ప్లాన్ ఒప్పుకునే ఫార్మసీల జాబితాకు సంబంధించింది. మీ ఊరి నుంచి కాస్త పడమరకు పోతే వచ్చే ఓక్లహోమా 2019లో ఆ ప్రశ్ననే పట్టుకుంది. రోగి ఏ ఫార్మసీకైనా వెళ్లొచ్చు, షరతులకు ఒప్పుకున్న ప్రతి ఫార్మసీనీ నెట్‌వర్క్‌లో చేర్చాలి, మా సొంత ఫార్మసీకి వస్తే కోపే (రోగి జేబులోంచి కట్టే వాటా) తగ్గిస్తామని పీబీఎం ఆశ పెట్టకూడదు అంది. 2023 ఆగస్టులో ఓక్లహోమా మీద అధికారమున్న ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, 10వ సర్క్యూట్, వీటిని కొట్టేసింది. నెట్‌వర్క్ అంటే ప్లాన్ స్వరూపమే, దాన్ని రాష్ట్రం మార్చకూడదంది. ముల్‌రెడీ కేసు ఇది. 2025 జూన్ 30న సుప్రీంకోర్టు వినడానికి నిరాకరించడంతో ఆ తీర్పు నిలిచింది. ఆర్కన్సా 8వ సర్క్యూట్ కిందికి వస్తుంది. ఆ కోర్టు 2021లో నార్త్ డకోటా పీబీఎం చట్టంలో ఎక్కువ భాగాన్ని సమర్థించింది, కాబట్టి మీ దగ్గర గాలి కొంచెం అనుకూలంగానే ఉంది. కానీ ఒక్క ఉత్తరం మీద పోరాడే కుటుంబానికి కోర్టుల మధ్య తేడా ఊరటనివ్వదు.

మీరు పేపర్లో చూసింది బహుశా 2025 నాటి 624వ చట్టం. గవర్నర్ సారా హకబీ శాండర్స్ ఆ ఏప్రిల్‌లో సంతకం పెట్టారు. పీబీఎంకు ఆర్కన్సాలో సొంత ఫార్మసీ ఉండకూడదు అన్నది అందులో మూలం. దేశంలో ఇదే మొదటిది. ఇది అమల్లోకి వచ్చి ఉంటే మీ ఇంటికి వచ్చిన ఉత్తరానికి అర్థమే ఉండేది కాదు. 2026 జనవరి 1న మొదలు కావాల్సింది. సీవీఎస్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ కోర్టుకు వెళ్లాయి. 2025 జులైలో ఫెడరల్ జడ్జి బ్రయాన్ మిల్లర్ దాన్ని ఆపేశారు. బయటి రాష్ట్రాల కంపెనీల పట్ల వివక్ష చూపుతోందని, సైనికుల కుటుంబాలకు ఉన్న ట్రైకేర్ అనే ఇన్సూరెన్సుకు అడ్డొస్తోందని ఆయన అన్నారు. రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది. లక్ష్యం విషయంలో నేను రాష్ట్రం వైపే. ధర నిర్ణయించేవాడే దుకాణం నడిపితే పక్క దుకాణానికి న్యాయం జరగదు. కానీ సీవీఎస్‌కు అక్కడ 23 ఫార్మసీలున్నాయి. వాటిని మూయించేటప్పుడు ఆ రోగులు ఎక్కడికి వెళ్తారో కూడా రాష్ట్రం ముందే చూసుకోవాలి.

మరికొన్ని రాష్ట్రాలు ఇంకో దారి పట్టాయి. 2025లో అయోవా ప్రతి ప్రిస్క్రిప్షన్‌కు ఫార్మసీకి 10.68 డాలర్ల ఫీజు ఇవ్వాలంది, అలబామా కూడా మెడికెయిడ్ స్థాయి ఫీజు పెట్టింది. అయోవా చట్టం మీద అక్కడి కంపెనీలే కోర్టుకెళ్లి కొన్ని భాగాలను ఆపించాయి. ఇలాంటి ఫీజు నా వృత్తికి ప్రాణవాయువు. పల్లెటూళ్లలో ఫార్మసీలు మూతపడుతుంటే చూస్తున్నవాడిని, వద్దనను. అయినా రోగికి నిజం చెప్పాలి: ఆ ఫీజు వల్ల మీ కోపే తగ్గదు, ప్రీమియం కాస్త పెరగనూ వచ్చు. కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ 2025 అక్టోబరులో సంతకం పెట్టిన చట్టం నాకు ఇంకాస్త సరైన దిశలో కనిపిస్తుంది. స్ప్రెడ్ ప్రైసింగ్‌ను నిషేధించి, రిబేట్లు పీబీఎం దగ్గర ఆగిపోకుండా ప్లాన్‌కు చేరాలంది.

రిబేట్ల దగ్గరికి వచ్చాం కాబట్టి మీ రెండో ప్రశ్న. రిబేటు ఎంత పెద్దదైతే ఆ మందుకు జాబితాలో అంత మంచి చోటు. అందుకని మందుల కంపెనీ పైకి కనిపించే ధర పెంచి, వెనక నుంచి రిబేటు ఇస్తుంది. డిడక్టిబుల్ (ఇన్సూరెన్సు మొదలయ్యే ముందు ఏటా సొంతంగా కట్టాల్సిన మొత్తం) పూర్తికాని రోగి మాత్రం ఆ పైధర మీదే కడతాడు. 2024 సెప్టెంబరులో మూడు పీబీఎంల మీద పెట్టిన ఇన్సులిన్ కేసులో ఎఫ్‌టీసీ ఇదే చెప్పింది. హ్యూమలాగ్ అనే ఇన్సులిన్ ధర 1999లో 21 డాలర్లు, 2017కి 274 డాలర్ల పైన. జెనరిక్ మందులకు ఇంత రిబేట్లు ఉండవు. అక్కడ మీ కోపే స్థిరంగా 15 డాలర్లో 20 డాలర్లో ఉంటుంది, మాత్రల అసలు ధర నాలుగు డాలర్లు కావచ్చు. ఇదివరకు ఈ సంగతి మీకు చెప్పకూడదని మా ఒప్పందాల్లో షరతులుండేవి. చాలా రాష్ట్రాలు వాటిని నిషేధించాక, 2018 అక్టోబరులో కేంద్ర చట్టం దేశమంతటా తీసేసింది. అది సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లకూ వర్తిస్తుంది. కాబట్టి ప్రతిసారీ 'నగదు ధర ఎంత?' అని అడగండి. కాస్ట్ ప్లస్ డ్రగ్స్ లాంటి ఆన్‌లైన్ ఫార్మసీలో కొన్న ధర మీద 15 శాతం, ఫార్మసీ పనికి 5 డాలర్లు, పైన షిప్పింగ్ అని లెక్క బహిరంగంగానే ఉంటుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు బీపీ, షుగర్ మాత్రలు అయిపోతే ముందు ఇక్కడ చూడండి. ఒక్క జాగ్రత్త, నగదుగా కట్టింది మామూలుగా మీ డిడక్టిబుల్‌లో జమ కాదు. మీ ఆవిడ ఇంజెక్షన్ లాంటి ఖరీదైన మందు వల్ల ఏటా అవుట్ ఆఫ్ పాకెట్ పరిమితి (ఏడాదిలో మీరు జేబులోంచి కట్టాల్సిన గరిష్ఠ మొత్తం) ఎలాగూ దాటే కుటుంబమైతే, చిన్న మాత్రలు కూడా కార్డు మీదే తీసుకోవడం లాభం.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. హెచ్ఆర్‌ను సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అడగండి, ఇవ్వడం వాళ్ల బాధ్యత. ప్లాన్ సెల్ఫ్ ఫండెడా, ఫుల్లీ ఇన్సూర్డా (అంటే బిల్లులు ఇన్సూరెన్సు కంపెనీయే కడుతుందా) అందులో తెలుస్తుంది. ఫుల్లీ ఇన్సూర్డ్ అయితే పాలసీ ఏ రాష్ట్రంలో జారీ అయిందో ఆ రాష్ట్ర ఇన్సూరెన్సు శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. మనవాళ్లలో చిన్న కన్సల్టింగ్ కంపెనీల ద్వారా పనిచేసేవాళ్లకు ఇది ఎక్కువగా పనికొస్తుంది, చిన్న కంపెనీలు చాలావరకు ఇన్సూరెన్సు కొనుక్కుంటాయి కాబట్టి. సెల్ఫ్ ఫండెడ్ అయితే ఫిర్యాదు వెళ్లాల్సింది కేంద్ర కార్మిక శాఖకు. రాష్ట్ర శాఖకు రాసి నెలలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

హెచ్ఆర్‌తో గట్టిగా మాట్లాడటానికి ఇది మంచి సమయం కూడా. 2024 ఫిబ్రవరిలో జాన్సన్ అండ్ జాన్సన్ ఉద్యోగి ఒకరు సొంత కంపెనీ మీదే దావా వేశారు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే టెరిఫ్లూనమైడ్ జెనరిక్ మాత్రలు 90, బయట నగదుకు వంద డాలర్లలోపు దొరుకుతుంటే, ప్లాన్ పదివేల డాలర్లకు పైగా కట్టిందని ఆరోపణ. దావా వేసే అర్హత లేదని 2025 జనవరిలో కోర్టు అందులో ముఖ్యభాగాన్ని కొట్టేసింది. అయినా ఆ దావా తర్వాత కంపెనీలకు టెన్షన్ పట్టుకుంది, పీబీఎం ఒప్పందాలను తెరిచి చదవడం మొదలుపెట్టాయి. రిబేట్లు ఎవరికి వెళ్తున్నాయి, స్ప్రెడ్ ఉందా, ఊరి ఫార్మసీకి మినహాయింపు ఇచ్చే అధికారం కంపెనీకి ఉందా అని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్‌లో ఆ మినహాయింపు ఇవ్వగలిగేది డబ్బు కడుతున్న మీ కంపెనీయే. పదిమంది ఉద్యోగులు కలిసి అడిగితే వినే అవకాశం ఇంకా పెరుగుతుంది.

మందు పేరు కూడా ఉత్తరంలో జాగ్రత్తగా చూడండి. అడాలిముమాబ్‌కు అసలు బ్రాండ్ హ్యుమిరా. దానికి 2023 నుంచి చవకైన బయోసిమిలర్లు (అదే మందుకు దగ్గరి నకళ్లు) వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో సీవీఎస్ కేర్‌మార్క్ తన ముఖ్యమైన జాబితాల్లోంచి హ్యుమిరాను తీసేసి, తన సొంత సంస్థ కార్డేవిస్ పేరుతో వచ్చే హైరిమోజ్ పెట్టింది. మిగతా రెండింటికీ ఇలాంటి సొంత లేబుళ్లున్నాయి. బయోసిమిలర్ అంటే భయపడొద్దు, మంచి మందే, రుమటాలజిస్టులు మామూలుగా రాస్తున్నారు. కానీ ఫార్మసీ, మందు రెండూ ఒకేసారి మారుతుంటే ప్రయర్ ఆథరైజేషన్ (ప్లాన్ నుంచి ముందస్తు అనుమతి) మళ్లీ మొదటి నుంచి చేయాల్సి రావచ్చు. డాక్టర్ ఆఫీసుకు ఈ వారమే ఫోన్ చేసి చెప్పండి. ఏదైనా తిరస్కరిస్తే అప్పీలుకు 180 రోజులు గడువు ఉంటుంది. ఆర్థరైటిస్ నొప్పి అన్ని రోజులు ఆగదు కాబట్టి అత్యవసర అప్పీలు కావాలని డాక్టరు చేత రాయించండి. ఇది ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు, మీ దగ్గర ఎండలు తెలుసు కదా. పార్సిల్ గుమ్మం దగ్గర పెట్టి వెళ్లకుండా సంతకం తీసుకునే డెలివరీ అడగండి. ఉత్తరంలో ఇచ్చిన తేదీకి ముందే ఒక నెల ఇంజెక్షన్లు ఊరి ఫార్మసీలో తీసి పెట్టుకోండి, మొదటి మెయిల్ ఆర్డర్ ఆలస్యమైనా డోసు తప్పదు.